రూజెనాని తూచొద్దు

నవంబరు ఒకటి, ఆదివారం. మా కల్చరల్ హాలులో బంగాళదుంపలు తూచే కాటా మీద, గుడ్డసంచిలో మూటగట్టిన రూజెనాని పెట్టారు. "వెయ్యీ రెండువందల అరవై ఐదు గ్రాములు!" అని కేకేశాడు మా పాముల క్లబ్బు ఛైర్మన్ వావ్రినెత్స్. బల్లల ముందు కూర్చున్న ముప్ఫైమంది బీరు గ్లాసులు దించి ఒక్కసారే "అయ్యయ్యో" అన్నారు. ఆ అయ్యయ్యో విని నాకు ఒళ్ళు మండిపోయింది.

రూజెనా ఒక రాజకొండచిలువ. నాలుగడుగుల పొడవు, నా ముంజేయంత లావు, నలుపు మీద బెల్లంరంగు మచ్చలు. ఆ పేరు పెట్టింది నేనే. మా ఉక్కు కర్మాగారం క్యాంటీన్లో రూజెనా అని ఒక వంటమనిషి ఉండేది. ఇంకో ఉడకబెట్టిన పిండిముద్ద కావాలని పళ్ళెం చాపితే గరిటెతో వేళ్ళ మీద కొట్టేది. ఈ పాము కూడా ఎవరు చెయ్యి చాపినా అంతే. బుస, ఆ వెంటనే కాటు. విషం లేదు, కోపమే ఉంది.

ఆరోజు కూడా అదే చేసింది. వావ్రినెత్స్ సంచి మూతి విప్పి, "నోరు ఒకసారి చూద్దాం, పుండ్లున్నాయేమో" అన్నాడు. మెడ పట్టుకోబోయాడు. బొటనవేలు పట్టేసింది. నెత్తురు కాటా పళ్ళెంలో పడింది.

"చూశారుగా!" అన్నాడు వేలికి రుమాలు చుట్టుకుంటూ. "అక్టోబరులో తగ్గింది, ఇప్పుడు తగ్గింది. డిసెంబరులో కూడా తగ్గితే మూడోసారి. అప్పుడు నిబంధన ప్రకారం క్లబ్బు సంరక్షణలోకి తీసుకుంటాం. ఏమయ్యా లుమీర్, అర్థమైందా?"

లుమీర్ సంచి మూతి కట్టుకుంటూ తలూపాడు. అతను రూజెనా యజమాని, మా అంతస్తులోనే ఎదురింట్లో ఉంటాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, నలభై ఏళ్ళవాడు. ఎవరైనా కాలు తొక్కితే తనే క్షమించమనే రకం.

"అర్థం కాలేదని చెప్పు!" అని నేను వెనక నుంచి అరిచాను.

"అర్థమైంది ద్రాహుషా గారూ," అన్నాడు నెమ్మదిగా.

క్లబ్బు సంరక్షణ అంటే ఏమిటో నాకు తెలుసు. అంటే వావ్రినెత్స్ ఇంటి సెల్లారు. తినని పాముని పట్టుకుని, నోరు తెరిచి, గొట్టం గొంతులోకి దింపి, నూరిన మాంసం ముద్ద లోపలికి నెడతాడు. కొన్ని బతికాయి. ఆ బతికిన వాటి గురించే చెబుతాడు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. ఆ నిబంధనకి పద్నాలుగేళ్ళ క్రితం నేనూ చెయ్యెత్తాను. అప్పట్లో ఒకడు గ్యారేజీలో పదకొండు పాముల్ని మాడ్చి చంపాడు. ఇంకెక్కడా అలా జరగకూడదని ప్రతి నెలా మొదటి ఆదివారం అందరూ తమ పాముల్ని తెచ్చి అందరి ముందూ తూచాలని పెట్టుకున్నాం. రాకపోతే తగ్గినట్టే లెక్క. మంచి నిబంధన అనుకున్నాం, మనసుపెట్టి రాసుకున్నాం. అందుకే దాన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు.

ఇంటికి తిరిగొస్తూ ట్రాములో లుమీర్ సంచిని కోటు లోపల పెట్టుకున్నాడు, చలి తగలకుండా.

"ఇచ్చేస్తావా?" అని అడిగాను.

"ఇవ్వను."

"మరి అక్కడ నోట్లో ఏం పెట్టుకున్నావు, తలూపావు?"

"దాన్ని ఒకసారి పారేశారు ద్రాహుషా గారూ," అన్నాడు. "రెండోసారి చేతులు మారితే బతకదు. నేను ఇవ్వను." గొంతు మామూలుగానే ఉంది. కానీ కోటు గుండీలన్నీ మెడదాకా పెట్టేసుకున్నాడు.

పారేసింది ఎవరో కూడా తెలుసు మాకు. మా బిల్డింగులోనే పదకొండో అంతస్తులో అద్దెకుండి మే నెలలో ఖాళీ చేసి పోయిన పెద్దమనిషి. మంచం, టీవీ, అద్దం, అన్నీ దింపుకున్నాడు. పాముని మాత్రం అట్టపెట్టెలో పెట్టి, పైన తాళం వేసిన లిఫ్టు మోటారు గది తలుపు కింది వెడల్పాటి సందులోంచి లోపలికి తోసి పోయాడు. సెప్టెంబరులో లుమీర్ మోటారు తనిఖీకి వెళితే దొరికింది. అలాంటివాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చే ముందు ఏ కాటా మీద తూచాలో నాకు తెలియదు.

ఇక ఆ సోమవారం నుంచి పరామర్శలు మొదలయ్యాయి.

మా క్లబ్బులో ఒక అలవాటుంది. ఎవరి పామైనా తినకపోతే మిగతావాళ్ళు ఊరుకోరు. జబ్బుపడ్డ మనిషిని చూడ్డానికి వెళ్ళినట్టు వెళతారు. ఒట్టి చేతులతో ఎవరూ వెళ్ళరు. ఇంటాయనకి ఒక బాబోవ్కా కేకు, పాముకి ఒక ఎలుక. గుమ్మంలో బూట్లు విప్పి, సంచిలోంచి ఇంటి చెప్పులు తీసి వేసుకుని, వరసగా గాజుపెట్టె ముందు నిలబడతారు.

నాలుగో అంతస్తు బ్లాజెనా గారు తెల్ల ఎలుక తెచ్చారు. "మా ఇంట్లో వాటికి ఇదంటే ప్రాణం. ఒకసారి చూపించు చాలు, ఎగబడతాయి," అన్నారు. చూపించారు. రూజెనా గాజుకేసి ముక్కు బద్దలయ్యేలా కొట్టింది.

"ఆకలి మీదుంది పాపం!" అన్నారు బ్లాజెనా గారు.

"ఆకలి కాదండీ, భయం," అన్నాడు లుమీర్.

ఎవరూ వినలేదు. అప్పటికి కేకు కోస్తున్నారు.

మంగళవారం ఇద్దరు వచ్చారు. ఒకరు దీపం మార్చాలన్నారు, ఇంకొకరు దీపమే వద్దన్నారు. బుధవారం వావ్రినెత్స్ స్వయంగా వచ్చాడు, వేలికి కట్టుతో. పామును బయటికి తీసి పొట్ట నొక్కి చూసి, "లోపల ఏమీ లేదు," అని తీర్పు చెప్పాడు. లోపల ఏమీ లేదని తెలుసుకోవడానికి ఛైర్మన్ కావాలా! గురువారం నుంచి నేనే రంగంలోకి దిగాను.

నేను క్రేన్ నడిపిన దాన్ని. ఇరవైఏడేళ్ళు కరిగిన ఉక్కు మీద వేలాడాను. చదువు లేకపోయినా లైబ్రరీలో పాముల పుస్తకాలన్నీ చదివాను. లుమీర్ ఇంటికెళ్ళి ఒక్కొక్కటీ చేయించాను. క్లబ్బువాళ్ళు బహుమతిగా ఇచ్చిన ఆ పెద్ద గాజుమేడ తీసేయించాను. నాలుగువైపులా కనపడే అద్దాల గదిలో ఎవరు ప్రశాంతంగా తింటారు? ప్లాస్టిక్ పెట్టె పెట్టించాను. ఈ ఒక్క విషయంలో వావ్రినెత్స్ సెల్లారులో పాముల్ని ఉంచే చీకటి డ్రాయర్లే మా గాజుమేడ కంటే నయం, ఒప్పుకుంటాను. ఒక చివర అడుగున వేడిపట్టీ, రెండో చివర చల్లగా. ఇటొకటి అటొకటి బోర్లించిన మట్టి పూలకుండీలు, దూరడానికి చిన్న కన్నంతో. గోడలకి బయట నల్లకాగితం. పామనేది తన ఒళ్ళు అన్నివైపులా గోడకి ఆనితేనే ధైర్యపడుతుంది.

అంతా సరిగ్గానే చేశాను. ఇప్పటికీ అంటాను, అంతా సరిగ్గానే చేశాను. ఆ తర్వాత పనిచేస్తోందో లేదో చూడ్డానికి రోజూ సాయంత్రం వెళ్ళి కుండీ ఎత్తాను.

ఎత్తిన ప్రతిసారీ బుస కొట్టింది. ఎలుక పెడితే మొహం తిప్పుకుంది. నాకు కోపం పెరిగింది. పాము మీద కాదు. వావ్రినెత్స్ మీద, కాటా మీద, పదకొండో అంతస్తు పెద్దమనిషి మీద. కోపం వచ్చినప్పుడు నేను కరపత్రం రాస్తాను. లిఫ్టు ఆగిపోయినప్పుడు రాశాను, చెత్తకుండీలు ఎత్తుకుపోయినప్పుడు రాశాను, రాసిన ప్రతిసారీ ఎవడో ఒకడు దిగొచ్చాడు.

నవంబరు పదకొండు, మార్టిన్ పండుగ, మా వైపు బాతు వండుకునే రోజు. లుమీర్ బాతుకాలు ఒకటి వేయించి, ఎర్రక్యాబేజీ వేసి పెట్టాడు. నేను కాగితం, పెన్ను తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.

"తూకం కార్డు ఇలా ఇవ్వు. క్లబ్బు చేతకానితనం అంకెలతో సహా రాస్తాను. మొత్తం ఊరంతా అంటిస్తాను."

కార్డు ఇచ్చాడు. నేను పైన ముద్దాయిల పేర్లు వేసి, పెద్ద అక్షరాలతో రాయడం మొదలుపెట్టాను. 'నవంబరు: ముప్ఫైమంది సభ్యుల సంరక్షణలో, 1265 గ్రాములు.' ఈ నెల నుంచి పాత నెలలకి, వెనక్కి రాసుకుంటూ వెళ్ళాను. 'అక్టోబరు: అదే సంరక్షణలో, 1350 గ్రాములు.' 'సెప్టెంబరు, దొరికిన వారం: 1420 గ్రాములు.' ఆ అంకె పక్కన ఎవరి సంరక్షణలో అని రాయాలి. పెన్ను ఆగింది.

"లుమీర్, అంతకుముందు దీన్ని ఎవరు చూసుకున్నారు?"

"ఎవరూ చూసుకోలేదు."

"ఎవరూ అంటే?"

"మోటారు గదిలో ఉంది కదండీ. మే నుంచి సెప్టెంబరు దాకా. ఏప్రిల్లో నేను తాళం వేశాక మళ్ళీ సెప్టెంబరులోనే తీశాను."

"నాలుగు నెలలు తిండి లేకుండా ఉండి పద్నాలుగు వందల ఇరవై ఉందా?"

"తిండి లేకుండా ఎందుకుంటుంది? పైన పావురాలు పెంచే ఎవ్జెన్ తాత గింజల బస్తాలు ఆ గది గోడ పక్కనే పెడతాడు. ఎలుకలు బోలెడు." లేచి బీరువాలోంచి బూట్ల పెట్టె తెచ్చాడు. మూత తీశాడు. లోపల మూడు కుబుసాలు. ఒక్కటి కూడా చిరగలేదు. ముక్కు దగ్గర్నుంచి తోక చివర దాకా, కళ్ళ మీది పొరతో సహా, మేజోడు విప్పినట్టు నిండుగా ఉన్నాయి. "ఇవి మోటారు వెనకాల దొరికాయి. నా దగ్గరికొచ్చాక ఒకటే విడిచింది. అది ముక్కలు ముక్కలుగా వచ్చింది."

పాములు పెంచేవాళ్ళకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. బాగున్న పాము కుబుసం నిండుగా వస్తుంది, బాగులేనిది పీలికలుగా. ఈ పాము బాగా తిని, బాగా పెరిగి, మూడుసార్లు నిండుగా కుబుసం విడిచింది, అది బతికుందని ఒక్కరికీ తెలియని నాలుగు నెలల్లో.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా!"

"ఎవరూ అడగలేదు," అన్నాడు లుమీర్. "అందరూ మాట్లాడుతున్నారు కదండీ."

బాతుకాలు చల్లారిపోయింది. నేను ఆ కాగితం వంక చూస్తూ కూర్చున్నాను. ఎంత మంచి కరపత్రం! ముద్దాయిల జాబితాలో వావ్రినెత్స్ పేరు ఉంది, బ్లాజెనా గారి పేరు ఉంది, అన్నిటికంటే ఎక్కువసార్లు కుండీ ఎత్తిన ద్రాహుషా పేరు లేదు. వారం నుంచి రోజూ దాని ఇంటి కప్పు లేపి లోపలికి తొంగిచూసింది నేను. నా ఇంటి కప్పు ఎవడైనా అలా లేపితే ఇటుకతో కొట్టేదాన్ని. కాగితం చింపేశాను.

"వింటున్నావా లుమీర్? ఇవాళ్టి నుంచి ఈ ఇంట్లోకి ఎవరూ రారు."

"మరి మీరు?"

"నేనూ రాను," అన్నాను. చెప్పడం తేలికే.

పన్నెండో తారీకు నుంచి మా అంతస్తు వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. లుమీర్ తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించాను: 'పరామర్శలు లేవు. కేకులు ఎదురింట్లో ఇవ్వగలరు.' బ్లాజెనా గారు ఇంటి చెప్పుల సంచితో సహా వచ్చి అది చదివారు.

"ఇదేం అన్యాయం ద్రాహుషా? చచ్చిపోతోందంటే చూడ్డానికి కూడా రాకూడదా?"

"చూడ్డం వల్లే చచ్చిపోతోంది."

"నా చూపు అంత చెడ్డదా?"

"నీదే కాదు, నాదీ చెడ్డదే. కేకు ఇలా ఇచ్చి వెళ్ళు."

"కేకు మాత్రం మంచిదా!"

"చాలా మంచిది. గసగసాలు వేశావు కదూ?"

ఆవిడ కోపంగా కేకు చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. అలా నాలుగురోజుల్లో ఐదు కేకులు. లుమీర్, నేనూ తినలేక ఎవ్జెన్ తాతకి ఇస్తే ఆయన పావురాలకి పెట్టాడు.

వారం రోజులు నీళ్ళగిన్నె మార్చడానికి తప్ప లుమీర్ పెట్టె మూత తీయలేదు. అదీ దీపాలు ఆర్పి, మూత కాస్త జరిపి, గిన్నె మార్చి, వచ్చేసేవాడు. పద్దెనిమిదిన మొదటిసారి తిండి పెట్టాడు. ఎలుక మధ్యరకం, చచ్చిందే. గడ్డకట్టిన దాన్ని గోరువెచ్చని నీళ్ళలో కరగనిచ్చి, తుడిచి ఆరబెట్టి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో తల దగ్గర వేడిచేశాడు. మోటారు గదిలో పాము పట్టి తిన్న ఎలుకలు వెచ్చగానే ఉండేవి కదా. కుండీ కన్నం ముందు పెట్టి, పెట్టె మీద తువ్వాలు కప్పి, దీపం ఆర్పి, ఇంటికి తాళం వేసి మా ఇంటికొచ్చాడు. ఇద్దరం పేకాడుకున్నాం. లుమీర్ ముక్కలు తప్పుగా వేస్తున్నాడు. నేను చూసీ చూడనట్టు గెలుస్తున్నాను.

తెల్లారి తలుపు తట్టాడు. "తినలేదు."

"ఎంత దూరంలో ఉంది? కుండీలోంచి తల బయటపెట్టిందా? వాసన చూసిందా?"

"తెలియదు. ఎలుక తీసేశాను, అంతే."

"కుండీ ఎత్తి చూడకపోయావా?" అనేశాను. అనగానే నాలిక కరుచుకున్నాను. లుమీర్ నా తలుపు మెల్లగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.

ఇరవైరెండున మళ్ళీ పెట్టాడు. ఇరవైమూడు పొద్దున ఏడున్నరకి నేను తలుపు తీసేసరికి వరండాలో నిలబడి ఉన్నాడు. పని బట్టలు వేసుకున్నాడు, రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి.

"లేదు," అన్నాడు.

"మళ్ళీ తినలేదా!"

"కాదండీ. ఎలుక లేదు."

ఎలుక లేదు! నేను ఆ మాట విన్న మరుక్షణం చెప్పులు లేకుండానే అతని తలుపు వైపు నడిచాను. ఒక్కసారి, ఒక్క క్షణం, గొంతు దగ్గర ఉబ్బు ఎక్కడిదాకా దిగిందో చూసి వచ్చేస్తాను. లుమీర్ నా ముందుకొచ్చి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ మనిషి ఎవరికైనా అడ్డంగా నిలబడ్డం నేను అంతకుముందు చూడలేదు.

"వద్దండీ."

"ఒక్క చూపు."

"మీరే రాశారు కదా," అన్నాడు తలుపు మీద కాగితం చూపిస్తూ. "మీ దస్తూరీయే."

తిట్టాను. చాలా తిట్టాను. నువ్వు పాముకంటే మొండి అన్నాను. ఇదంతా ఎవరి బుర్ర వల్ల జరిగిందో మరిచిపోకు అన్నాను. అతను ఎర్రబడిపోయి, నేల చూస్తూ, ఒక్క అంగుళం కూడా జరగలేదు. వెనక్కి వచ్చి తలుపు ధడేలున వేసుకుని, లోపల కూర్చుని ఏడ్చాను, సంతోషంతోనో ఉడుకుమోతుతనంతోనో నాకే తెలియదు.

డిసెంబరు మూడున ఇంకో ఎలుక పెట్టాడు. నాలుగు తెల్లవారేసరికి అదీ మాయం. ఐదున, శనివారం, నేను అసలు సంగతి ఎత్తాను.

"రేపు తూకం."

"తెలుసు."

"తిని రెండురోజులు కాలేదు. ఇప్పుడు సంచిలో వేసి, ట్రాములో ఊపుకుంటూ తీసుకెళ్ళి, ఆ కాటా మీద పడేస్తే కక్కేస్తుంది. కక్కితే మళ్ళీ ఎన్ని నెలలకి తింటుందో!"

"తీసుకెళ్ళకపోతే తగ్గినట్టే లెక్క," అన్నాడు లుమీర్. "వాళ్ళొచ్చి పట్టుకుపోతారు."

తీసుకెళ్ళి తూస్తే బరువు నిలబడవచ్చు, పాము మాత్రం నిలబడదు. తీసుకెళ్ళకపోతే పాము బాగుంటుంది, వావ్రినెత్స్ వచ్చి పట్టుకుపోతాడు. మంచివాళ్ళం కూర్చుని రాసుకున్న నిబంధన ఎలాంటి ఉచ్చు అయిందో చూడండి!

"నేను మాట్లాడతాను," అన్నాను. "హాలు అదిరేలా మాట్లాడతాను."

"మాట్లాడండి," అన్నాడు. "కానీ వాళ్ళకి మాటలు అలవాటే కదా. నా దగ్గర ఒకటుంది," అన్నాడు.

ఆదివారం హాలులో అడుగుపెట్టగానే అందరూ లుమీర్ చేతుల వంక చూశారు. సంచి లేదు. వావ్రినెత్స్ కళ్ళజోడు సర్దుకున్నాడు. అతనూ నేనూ ఇరవై ఏళ్ళు ఒకే కర్మాగారంలో పనిచేశాం.

"పాము ఏదయ్యా?"

"ఇంట్లో ఉందండీ."

"అయితే తగ్గినట్టే. మూడోసారి. నాకూ బాధగానే ఉంది, కానీ నిబంధన నిబంధనే. సాయంత్రం పెట్టె తీసుకుని వస్తాను."

"రా!" అన్నాను నేను లేచి. "వచ్చి చూడు వావ్రా! ఆ మెట్ల దగ్గర నేనుంటాను. ఎవరూ పట్టించుకోనప్పుడు పద్నాలుగు వందల ఇరవై! మనం ముప్ఫైమంది పట్టించుకున్నాక పన్నెండు వందల అరవై ఐదు! ఈ తేడా ఎవరు తిన్నారు? నువ్వు తిన్నావు, నేను తిన్నాను, కేకుతో పాటు అందరం తిన్నాం! నెలకోసారి మూటగట్టి, ఈ గోలలో, ఈ పొగలో, దుంపల్లా తూచి, తినట్లేదేమిటని దాన్నే అడుగుతున్నాం!"

"కూర్చో ద్రాహుషా. క్రేన్ మీద లేవు నువ్వు."

"నువ్వు దిగు ముందు!"

గోల లేచింది. బ్లాజెనా గారు నా వైపు తిరిగి, "మా కేకుల మాటెత్తకు!" అని అరిచారు. ఆ గోలలో లుమీర్ నడుచుకుంటూ వేదిక దగ్గరికి వెళ్ళాడు. కోటు జేబులోంచి ఒక జామ్ సీసా తీసి కాటా పళ్ళెంలో పెట్టాడు. ముల్లు కదిలింది. హాలు నెమ్మదిగా సద్దుమణిగింది.

"ఏమిటిది?" అన్నాడు వావ్రినెత్స్.

"రూజెనాదేనండీ," అన్నాడు లుమీర్. "నిన్న పొద్దున్నది."

ముందు వరసలో ఎవరో పకపకా నవ్వారు. "మలం తూస్తున్నాడ్రోయ్!" అన్నారు. హాలంతా నవ్వింది. లుమీర్ చెవులు కూడా ఎర్రబడ్డాయి, అయినా సీసా వెనక్కి తీసుకోలేదు.

వావ్రినెత్స్ మాత్రం నవ్వలేదు. అతని మీద నాకెన్ని కోపాలున్నా ఒకటి చెప్పాలి, అతనికి పాములు తెలుసు. సీసా మూత తిప్పాడు. దగ్గరికి పెట్టుకుని వాసన చూశాడు. అగ్గిపుల్లతో కదిపి, దీపం వెలుగులో పట్టి చూశాడు. నల్లటి ముద్దలో బూడిదరంగు బొచ్చు, పక్కన సుద్దముక్కలాంటి తెల్లటి గడ్డ.

"ఎలుక బొచ్చే," అన్నాడు. "బాగా అరిగింది. ఎప్పుడు తింది?"

"ఇరవైరెండున ఒకటి. మొన్న ఇంకోటి. రెండోది ఇంకా కడుపులోనే ఉంది. అందుకే తీసుకురాలేదు."

"గొట్టం పెట్టావా?"

"లేదండీ. తనంతట తనే."

"ఎలా తినిపించావు?"

"ఎదురింటికి వెళ్ళానండీ," అన్నాడు లుమీర్.

వావ్రినెత్స్ మూత బిగించి సీసాని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. బొటనవేలి మీద నాలుగు చుక్కల మచ్చ కనిపిస్తోంది. తర్వాత, "నిబంధనలో సీసాల గురించి లేదు," అన్నాడు.

"నిబంధన చేతులెత్తి పెట్టుకున్నదే!" అన్నాను. "మళ్ళీ ఎత్తండి! తింటున్నట్టు రుజువు చూపిస్తే పాముని ఇక్కడికి ఈడ్చుకు రానక్కర్లేదు. ఎంతమంది?"

చేతులు ఒక్కొక్కటే లేచాయి. పదిహేడు. వద్దన్నవాళ్ళు పదమూడు. వాళ్ళలో బ్లాజెనా గారు కూడా ఉన్నారు, కేకుల కోపం. వావ్రినెత్స్ ఏ వైపూ ఎత్తలేదు. లుమీర్ చేతిలోంచి తూకం కార్డు తీసుకుని, డిసెంబరు గడిలో అంకె వేయాల్సిన చోట 'తింది' అని రాసి ముద్ర వేశాడు. సీసా తిరిగి ఇస్తూ, "ఇది మళ్ళీ కాటా మీద పెట్టకు. వచ్చేనెల దుంపలు తూచాలి," అన్నాడు.

గెలిచామని నేను అనను. ఆ కాటా ఇంకా అక్కడే ఉంది. రుజువు తేలేనివాళ్ళు ఇప్పటికీ మూటలు పట్టుకుని వరసలో నిలబడుతున్నారు. వావ్రినెత్స్ సెల్లారులో గొట్టం ఇంకా మేకుకి వేలాడుతోంది. పదమూడు చేతులు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. ఈ నెల కరపత్రం రాస్తున్నాను, ఈసారి నా పేరు మొదట వేసి.

జనవరి చివర ఒక మధ్యాహ్నం వావ్రినెత్స్ మా వరండాలోకి వచ్చాడు. ఒక చేతిలో కేకు, ఇంకో చేతిలో ఇంటి చెప్పుల సంచి.

"దూరం నుంచి చూస్తానమ్మా. ఒక్క నిమిషం."

"వీల్లేదు."

"ఎలా ఉందో చెప్పు పోనీ. నువ్వు రోజూ చూస్తావుగా."

"నేను చూసి రెండున్నర నెలలయింది."

"నువ్వా!" అన్నాడు నోరు తెరిచి. నేను ఇంట్లోంచి ఇంకో కుర్చీ తెచ్చి వేశాను. కూర్చున్నాడు. కేకు వరండాలోనే కోసుకున్నాం. ఎండుద్రాక్ష తక్కువ వేసింది వాళ్ళావిడ, ఆ ఇంట్లో అన్నీ తూచే వేస్తారు.

మా మాటలు వినిపించి లుమీర్ తలుపు కొంచెం తీశాడు. లోపల చీకటి. సందులోంచి చెయ్యి బయటికి చాపి, పొడుగ్గా, పల్చగా, తెల్లగా ఒకటి వావ్రినెత్స్ ఒళ్ళో పెట్టాడు. కుబుసం. ఎక్కడా చిరగలేదు.

"చిరగనిది ఇది నాలుగోది," అని చెప్పి తలుపు వేసేశాడు.

వావ్రినెత్స్ దాన్ని మోకాళ్ళ మీద పరుచుకుని జానలతో కొలిచాడు. కళ్ళ మీది పొరలు వెలుగుకి పట్టి చూశాడు. ముసలాడి కళ్ళు మెరుస్తున్నాయి.

"పెరిగింది," అన్నాడు. "బాగా పెరిగింది ద్రాహుషా. ఇప్పుడు ఎంత బరువుంటుందంటావ్?"

కేకు చెంచా నా చేతిలోనే ఉంది. అతని వేళ్ళ మీద ఒక్కటి ఇచ్చాను.